రోజుకొక్కరు

“మళ్ళీ సున్నాయే బాబూ. ఇవాళ్టికి తొమ్మిది రోజులు.”

కుట్టుమిషను మీదున్న లాప్‌టాప్‌ను ఆవిడ టెక్నీషియన్ వైపు తిప్పింది. సైటు చక్కగానే తెరుచుకుంది. అడుగున ‘నేడు చూసినవారు’ అన్నచోట మాత్రం సున్నా.

ఆవిడ బట్టలు కుట్టడం మానేసి ఆరేళ్ళయింది. అమ్మ కుట్టుపని నలుగురికీ తెలియాలని కూతురు పదిహేడో ఏట, తండ్రి వాచీల కొట్లో కంప్యూటరు ముందు కూర్చుని చేసిన సైటు అది. ఆ తర్వాత నాలుగేళ్ళకు తండ్రితో మాటా మాటా పెరిగింది. “గడప దాటావంటే మళ్ళీ నీ మొహం చూపించకు” అన్నాడాయన. ఆ పిల్ల మాట మీద నిలబడింది. ఆరేళ్ళుగా ఫోను లేదు, ఉత్తరం లేదు.

తల్లి మాత్రం రోజూ సాయంత్రం ఆ సైటులో నాలుగు ముక్కలు రాస్తుంది. పక్కింటి పిల్లి ఈనిందని, మోకాలు నొప్పిగా ఉందని, నీ గది ఊడ్చానని. తెల్లారేసరికి లెక్క ఒకటి పెరుగుతుంది. ఆవిడ తెరిస్తే అది లెక్కలో పడదు. రోజుకొక్కరు, ఎప్పుడూ ఒక్కరే. ఆ ఒక్క అంకె చూసుకుని ఆవిడ బతుకుతోంది.

“చూడదు గీడదు, అన్నీ కాకిలెక్కలు” అన్నాడు భర్త గుమ్మంలో నిలబడి. “కానీ ఏదో ఒకటి చెయ్యవయ్యా. తొమ్మిది రోజులుగా ఈవిడ సరిగ్గా ముద్ద ముట్టడం లేదు.”

“సైటును కొత్త కంపెనీకి మార్చినప్పుడే ఏదో తెగింది” అందావిడ.

“మీ సైటు ఉండే పాత కంపెనీని మూసేస్తున్నారు కదమ్మా, మార్చక తప్పదు. సైటు పేరు అదే. దాని వెనకుండే నంబరు మారిందంతే. కొత్త నంబరు అందరి కంప్యూటర్లకూ చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది.”

“మరి తొమ్మిదైందిగా?”

అతను తన ఫోనులో తెరిచాడు. వేరే ఊళ్ళలో ఉన్న ఇద్దరు స్నేహితుల చేత తెరిపించాడు. అందరికీ కొత్తదే వచ్చింది. చివరికేదో తట్టి, నెలాఖరు దాకా నడవాల్సిన పాత కంపెనీ కంప్యూటరులోకి వెళ్ళి, వచ్చినవాళ్ళ వివరాలు చూశాడు.

“అమ్మా! వస్తూనే ఉన్నారు. రోజుకొక్కరు. ఇవాళ పొద్దున కూడా!”

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు.

“ఎక్కణ్ణుంచి బాబూ? ఎలా ఉందో తెలుస్తుందా?”

“అవన్నీ ఇందులో తెలియవమ్మా. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ మనిషి కంప్యూటర్లో పాత నంబరు ఎవరో చేత్తో రాసిపెట్టారు, అందుకే అది ఇంకా పాతచోటికే వెళ్తోంది. సైటు కొత్తగా కట్టేటప్పుడు, పేరు ఇంకా పనిచెయ్యకముందు, కట్టేవాళ్ళు అలా రాసుకుంటారు. తర్వాత తీసెయ్యడం మర్చిపోతారు.”

“కట్టింది అదేగా! అయితే అదే! నా తల్లే!” ఆవిడ భర్త వైపు తిరిగింది. “విన్నారా? కాకిలెక్కలన్నారుగా!”

ఆయన తల దించుకున్నాడు.

“కానీ ఈ తొమ్మిది రోజులూ మీరు రాసినవి అక్కడ కనిపించవమ్మా. మార్చకముందు రాసిన ఉత్తరమే కనిపిస్తూ ఉంటుంది.”

“అయ్యో, అమ్మ రాయడం మానేసిందనుకుంటుందే! విసుగుపుట్టి చూడ్డం మానేస్తే?”

“ఈ తొమ్మిది ఉత్తరాలూ పాతదాంట్లో కూడా పెడతానమ్మా. నెలాఖరు దాకా రోజూ పెడతాను. ఆ నంబరు ఎలా తీసెయ్యాలో కూడా రాస్తాను. కట్టిన మనిషికి అర్థమవుతుంది.”

అరగంటలో పని అయిపోయింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, వద్దంటున్నా అతనికి టీ పెట్టింది. తర్వాత కంచంలో అన్నం పెట్టుకుని, తెర ముందే కూర్చుని ఆబగా తినసాగింది.

భర్త టెక్నీషియన్‌తో పాటు మెట్లు దిగాడు. కింద వాచీల కొట్టు తాళం తీసి, మూల ఉన్న పాత కంప్యూటరు మీద గుడ్డ తొలగించాడు.

“దీన్ని కూడా ఓసారి చూసి వెళ్ళు. పైన మాత్రం చెప్పకు.”

“దీనికేమైంది సార్?”

ఆయన కుర్చీలో కూలబడి, మెడలోని తువ్వాలుతో మొహం అదుముకున్నాడు.

“రోజూ చూస్తున్నాను బాబూ, తొమ్మిది రోజులుగా పాత ఉత్తరమే వస్తోంది.”