కింది గడిలో అంకె

"ఆరువందల ఇరవై, నాలుగువందల ఎనభై. కూడితే ఎంతప్పా?"

"పదకొండు వందలు సార్."

"మరి నీ కంప్యూటరు ఎనిమిది వందల యాభై అంటాందే. కూడికలు దానికి రావా, నీకు రావా?"

రాజశేఖర్ చేతిలో, విత్తనం కొన్న రైతుల లెక్క చెప్పే రిపోర్టు కాయితం విసనకర్రలా ఊగుతోంది. నంద్యాలలో ఒకటి, ఆళ్లగడ్డలో ఒకటి, రెండు విత్తనాల షాపులకు యజమాని ఆయన. లెక్కల్లో తనను మించినవాడు జిల్లాలోనే లేడని ఆయనే చాలామందికి చెప్పాడు. ఎదురుగా నిలబడ్డ హరి, ఆ షాపులకు కొత్తగా కొన్న కంప్యూటర్‌ను చూసుకునే ఉద్యోగి.

రాజశేఖర్ కోపానికి కారణం లేకపోలేదు. ఈ సీజన్‌లో వెయ్యిమందికి పైగా రైతులకు పత్తి విత్తనం అమ్మిన డీలర్‌ను భార్యతో సహా సింగపూర్ పంపిస్తామని విత్తనాల కంపెనీ ప్రకటించింది. ఆయన భార్య భ్రమరాంబిక అప్పుడే చక్రాల సూట్‌కేసు కొని, వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లాగి చూపించింది కూడా.

హరి ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఈ ఏడు విత్తనానికి కరువు. ఒక రైతుకు రెండు ప్యాకెట్లకు మించి ఇవ్వొద్దని కంపెనీ నిబంధన. నాలుగెకరాలున్న రైతు రెండు ప్యాకెట్లతో ఏం చేసుకుంటాడు? నంద్యాలలో రెండు తీసుకుని, అట్నుంచటే బస్సెక్కి ఆళ్లగడ్డలో ఇంకో రెండు తీసుకుంటాడు. షాపువారీగా రైతుల్ని లెక్కేస్తే వాడే అక్కడొకడు, ఇక్కడొకడు. కింది గడిలో మొత్తం దగ్గరికి వచ్చేసరికి, పై గడుల్లోని రెండు అంకెల్నీ కంప్యూటర్ కలిపెయ్యదు. రైతుల పొలం పాసుపుస్తకాల నంబర్లు చూసి మళ్లీ మొదట్నుంచి మనుషుల్ని లెక్కపెడుతుంది, ఒక్కొక్కర్ని ఒక్కసారే.

"బండి ఆత్మకూరు కాశయ్య రెండు షాపుల్లోనూ కొన్యాడు సార్. అంతమాత్రాన ఇద్దరు కాశయ్యలు కాలేదు గదా."

"ఎందుక్కాలేదు? నంద్యాలకొచ్చినప్పుడు ఒక కాశయ్య, ఆళ్లగడ్డకు పోయినప్పుడు ఇంకో కాశయ్య. సాయంత్రానికల్లా ఈ గడిలో పదకొండు వందలు కనపడాల. లేకుంటే రేపట్నుంచి నువ్వు ఈడ కనపడొద్దు."

హరికి ఒళ్లు మండింది. కానీ ఈ జీతం లేకపోతే ఇంట్లో పొయ్యి మండదు. పోయి కంప్యూటర్ ముందు కూర్చుని, మనుషుల్ని లెక్కపెట్టడం మానేసి పై రెండు అంకెల్నీ కూడి ఊరుకోమని కింది గడికి చెప్పాడు. కంప్యూటర్ ఎదురు మాట్లాడలేదు. దానికీ ఉద్యోగం ముఖ్యమే కదా.

రిపోర్టు హైదరాబాద్‌లోని కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. రాజశేఖర్ స్టూడియోవాడి కోటు తొడుక్కుని పాస్‌పోర్టు ఫోటో దిగాడు. కొన్నాళ్లకు కంపెనీ ఆఫీసర్ ఆంజనేయులు నంద్యాల షాపుకు వచ్చాడు. దండ వేశారు, కాఫీ తెప్పించారు. పదకొండు వందలమంది రైతులంటే మామూలు మాట కాదని ఆయన మెచ్చుకుంటుంటే, రాజశేఖర్ మురిసిపోతూ హరి వైపు చూశాడు. లెక్కలంటే ఇట్లుండాల అన్నట్టు.

"ఇంతమందిని ఒక్క డీలర్ చూసుకోవడం కష్టమని మా కంపెనీవాళ్లు అనుకున్నారు" అన్నాడు ఆంజనేయులు కాఫీ తాగుతూ. "అందుకని వచ్చే సీజన్ నుంచి నంద్యాల మీకు, ఆళ్లగడ్డ ఇంకొకరికి. సింగపూర్ టికెట్లు మాత్రం తెచ్చాను."

రాజశేఖర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆళ్లగడ్డ పోతే సగం వ్యాపారం పోయినట్టే. అంతలోనే ఆయనకు లెక్కలు బ్రహ్మాండంగా వచ్చేశాయి.

"పదకొండు వందలు యాడ సార్? ఉండేది ఎనిమిది వందల యాభయ్యే. ఈడికొచ్చినోళ్లే ఆడికీ వచ్చినారు. కాశయ్య రెండు చోట్లా కొన్యాడనుకోండి, అంతమాత్రాన ఇద్దరు కాశయ్యలైపోతారా?"

తన మాటలే తనకు తిరిగి వినిపిస్తుంటే హరికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆంజనేయులు మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అంటే రెండువందల యాభైమందికి నాలుగేసి ప్యాకెట్లు ఇచ్చారన్నమాట. రైతుకు రెండే అన్న నిబంధన తప్పితే రెండు షాపులకూ డీలర్‌షిప్ రద్దవుతుంది, తెలుసు కదా. ఇంతకీ ఏ అంకె రాసుకోమంటారు?" అని జేబులోంచి పెన్ను తీశాడు.

రాజశేఖర్ ఆ పెన్ను వైపు చూశాడు. టికెట్ల వైపు చూశాడు. చివరికి లేచి, తన కుర్చీనే హరి దగ్గరికి జరిపాడు.

"కూచోప్పా హరీ. ఆ కంప్యూటర్లో ఇంకో మొత్తమేమన్నా ఉందేమో చూడు."