ఇస్త్రీ చొక్కా

"బుసబా ఎలా ఉంది?" అని అడిగాడు మాల్కమ్.

ఐవర్ వంగి, గడ్డిలో పుల్ల గుచ్చి దానిమీద బంతి నిలబెడుతున్నాడు. తలెత్తకుండానే, "ఇప్పుడు నొప్పి లేదు," అన్నాడు.

"అమ్మయ్య. అంతకంటే ఏం కావాలి. రేపు నేనూ డెజ్మండూ ఆసుపత్రికొచ్చి ఓసారి చూసిపోతాం."

"ఈ వారం వద్దులే. ఇసాన్ పల్లెల నుంచి ఆవిడ పుట్టింటివాళ్ళంతా దిగారు. ఇల్లంతా జనమే. వారం గడవనీ."

బంతిని కొట్టాడు. అది ఎడంపక్క చెరువులోకి పోయింది. గోల్ఫ్ సంచీ మోసే కేడీ అమ్మాయి ఇంకో బంతి తీసిచ్చింది.

పటాయాలో స్థిరపడ్డ ముసలి తెల్లవాళ్ళ గోల్ఫ్ సంఘం వాళ్ళది. ఏటా వానలు వెనకపట్టగానే సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో మైదానంలో పోటీ పెట్టుకుంటారు. ఆ రోజు సోమవారం, మొదటి ఆట. మాల్కమ్ దానికి కెప్టెన్. లీడ్స్‌లో హెడ్మాస్టరుగా చేసి వచ్చినవాడు. తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి అడిగితేగాని అన్నం సహించదు.

ఐవర్ భార్య బుసబా నెల్లాళ్ళుగా ఆసుపత్రిలో ఉంది. అది తగ్గే జబ్బు కాదని అందరికీ తెలుసు. మాల్కమ్‌కి ఆవిడంటే ప్రాణం. తను డెంగీతో ఒంటరిగా మంచాన పడ్డప్పుడు, రోజూ బియ్యం జావ కాచి స్కూటర్ మీద తెచ్చి, "తాగేదాకా కదల్ను, అన్నయ్యా," అని ఎదురుగా కూచున్న మనిషి.

మంగళవారం ఆట ముగించుకొని వ్యాన్లో బార్‌కి చేరారు. తలా ఒక బీరు ముందేసుకున్నారు. ఐవర్ మాత్రం సంచీ పట్టుకొని బాత్రూంలోకి వెళ్ళి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నల్ల ప్యాంటు తొడుక్కొని వచ్చాడు. తల తడిపి నున్నగా దువ్వుకున్నాడు.

"కూచోవా?" అన్నాడు మాల్కమ్.

"వెళ్ళాలి. చీకటిపడేలోపు అక్కడుండాలి."

మోటార్‌సైకిల్ చప్పుడు సందు దాటాక డెజ్మండ్ గ్లాసు దించాడు. "పెళ్ళికొడుకులా తయారయ్యాడే."

"ఆసుపత్రికి వెళ్ళేవాడు శుభ్రంగా వెళ్ళకూడదా?"

"కెప్టెన్ గారూ, ఆసుపత్రి సముద్రం వైపు. నిన్నా ఇవాళా ఆ బండి తిరిగింది కొండ వైపు. నిన్న సంత దగ్గర మల్లెపూల దండ కొంటుంటే నా కళ్ళతో చూశాను. పేషెంట్ల దగ్గరికి పూలు రానివ్వరని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"నోరు మూసుకో," అన్నాడు మాల్కమ్. కానీ బీరు చేదెక్కింది.

బుధవారం మాల్కమ్ కావాలనే మైదానంలో తిరిగే గోల్ఫ్ బండిలో ఐవర్ పక్కన ఎక్కాడు. ఐవర్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి నిద్ర లేనట్టు. కొట్టిన ప్రతి బంతీ పొదల్లోకే పోతోంది.

"భార్య అలా ఉంటే నీకు బంతి ఎలా కనబడుతోందయ్యా?"

"కనబడ్డంలేదు."

"మరెందుకు రావడం?"

ఐవర్ చేతిలోని బంతిని తుడిచాడు. "పొద్దున్నే నువ్వు బుసబా ఎలా ఉందని అడుగుతావు. డెజ్మండ్ అడుగుతాడు. కేడీలు అడుగుతారు. ఆ మాట వినడానికి వస్తున్నా."

ఇంతకంటే సిగ్గుమాలిన మాట మాల్కమ్ తన డెబ్బయ్యేళ్ళలో వినలేదు. మంచానపడ్డ ఆడదాన్ని చూపించి నలుగురి జాలి తాగుతున్నాడన్నమాట. సాయంత్రమైతే ఇంకో గడప. ఆ తర్వాత రోజంతా ఐవర్‌తో పలకలేదు. బుసబా ఎలా ఉందని కూడా అడగలేదు. ఐవర్ రెండు మూడుసార్లు అతని మొహంలోకి చూసి, చూసి, మళ్ళీ ఆటలో పడ్డాడు.

గురువారం సాయంత్రం మాల్కమ్ కొండకీ సముద్రానికీ దారులు చీలే మలుపు దగ్గర టీకొట్టు నీడన నిలబడ్డాడు. తెల్లచొక్కా ముందునుంచే వెళ్ళింది. హ్యాండిల్‌కి పూలదండ వేలాడుతోంది. బండి కొండ వైపే తిరిగింది.

శుక్రవారం బార్‌లో బహుమతులిచ్చారు. ఐవర్‌కి అందరికంటే తక్కువ పాయింట్లు. చప్పట్లయ్యాక, అప్పటికే తెల్లచొక్కా మార్చుకున్న ఐవర్ సంచీ తీసుకొని లేవబోతుంటే మాల్కమ్ అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"వెళ్ళాలి, మాల్కమ్."

"ఎక్కడికో చెప్పి వెళ్ళు. వీళ్ళంతా వినాలి."

ఐవర్ చొక్కా చేతుల గుండీలు పెట్టుకుంటున్నాడు. "రేపటితో అయిపోతుంది. ఆ తర్వాత సాయంత్రాలు నాకేం పనుండదు."

"అయిపోతుందా. ఎంత తేలిగ్గా అన్నావయ్యా. ఆ తల్లి అక్కడ నీకోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటే, నువ్వు పూలదండలు పట్టుకొని... నీలాంటివాడితో నేను ఆడను. వచ్చేవారం నుంచి నీకిక్కడ చోటు లేదు."

ఐవర్ చుట్టూ ఉన్న మొహాలన్నీ చూశాడు. "సరే," అని వెళ్ళిపోయాడు. డెజ్మండ్ కూడా నవ్వలేదు.

మాల్కమ్‌కి కోపం ఆరలేదు. మొగుడు చూడకపోతే తను చూస్తాడు. సంతలో ఆవిడకిష్టమైన మంగుస్తాన్ పళ్ళు కొని, ఎండ దిగకముందే ఆసుపత్రికి వెళ్ళాడు. ఐవర్ సంగతి ఆవిడకు చెప్పకూడదనుకున్నాడు. ఊరికే చెయ్యి పట్టుకొని కూచుంటాడు, అంతే.

బుసబా ఉండే కిటికీ పక్క మంచం మీద ఎవరో ముసలావిడ పడుకొని ఉంది.

"బుసబాను ఏ గదికి మార్చారమ్మా?" అని నర్సును అడిగాడు.

నర్సు ఒకసారి అతన్నీ, చేతిలో పళ్ళ సంచీనీ చూసింది. "మీరు ఐవర్ గారి స్నేహితులా?"

"అవును. చాలా ఏళ్ళ స్నేహం."

"మరి గుడికి వెళ్ళలేదా? రోజూ సాయంత్రం ప్రార్థనలు కదా, ఆయన ఈపాటికి అక్కడే ఉంటారు."

"గుడికా? ఏ గుడికి?"

నర్సు రెండు చేతులూ జోడించింది.

"కొండ వైపు గుడికి. రేపు దహనం చేసేదాకా పేటిక అక్కడే ఉంచారు. ఆవిడ ఆదివారమే పోయారండీ."