రంగు పట్టని ముక్క

“దీన్ని స్లయిడంటారా? చేతకాకపోతే ఇంట్లో కూర్చో!”

పెద్ద డాక్టరు స్లయిడుని బల్ల మీదకి విసిరాడు. అది పగల్లేదు గానీ ల్యాబ్ టెక్నీషియన్ గుండె పగిలినంత పనైంది. ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది. ఇలాంటి మాట ఎవరి చేతా పడలేదు.

ఆ స్లయిడు మీద ఉన్నది ఓ బడి పంతులమ్మ మెదడులోంచి తీసిన గడ్డ ముక్క. జీఎఫ్ఏపీ అనే స్టెయిన్, అంటే రంగు మందు, వేస్తే, మెదడులోనే పుట్టిన గడ్డ చాలావరకు గోధుమరంగుకి తిరుగుతుంది. ఎక్కడో పుట్టి మెదడుకి పాకినదైతే మామూలుగా తిరగదు. ఇది తిరగలేదు.

“రెండుసార్లు వేశాను సార్. రెండుసార్లూ రాలేదు. పక్కన పెట్టిన మంచి మెదడు ముక్క మాత్రం చక్కగా బ్రౌనయింది. అంటే స్టెయిన్ పనిచేసినట్టే కదా? ఒకసారి ఊపిరితిత్తులు కూడా చూడమని రాయండి.”

“నువ్వా నాకు చెప్పేది? మెదడులో పుట్టిందేనని సర్జన్‌కి నిన్నే ఫోన్లో చెప్పేశాను!”

“తలకి రేడియేషన్ కరెంటు పెట్టిస్తూ కూర్చుంటే, అసలు గడ్డ ఊపిరితిత్తుల్లో పెరిగిపోదా సార్?”

“నోర్ముయ్! సాయంత్రంలోగా బ్రౌన్ రాకపోతే నీ ఉద్యోగం ఉండదు.”

ఈయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు! ఆమెకి ఒళ్లు మండిపోయింది. ల్యాబ్‌లోకి వెళ్లి ట్రేలు దబదబా పడేసింది.

“పంతులమ్మ ప్రాణం పోయినా ఫర్వాలేదు, ఈయనగారి మాట పోకూడదు!” అని గోడకి చెప్పుకుంది.

సాయంత్రం ఐదింటికి ఇంకో స్లయిడు తెచ్చి ఆయన ముందు పెట్టింది. డాక్టరు దాన్ని మైక్రోస్కోపు కిందకి తోసి కన్ను ఆనించాడు. మొహం చేటంత అయింది.

“చూశావా! నాలుగు తిడితే గానీ మీ చేతులు తిన్నగా పనిచెయ్యవు. ఎంత బాగా బ్రౌనయిందో! నేను ముందే చెప్పలేదూ?” అంటూ పెన్ను తీసి, పంతులమ్మ రిపోర్టు మీద సంతకానికి వంగాడు.

ఆమె ఆ కాగితం మీద అరచెయ్యి వేసింది.

“ముందు స్లయిడు మీద నంబరు చదవండి సార్. నేనేం దాచలేదు, కనిపించేలాగే రాశాను. ఇది పంతులమ్మది కాదు, నిరుడు మెదడులో పుట్టిన గడ్డేనని మీరే రిపోర్టిచ్చిన లారీ డ్రైవరుది!”