వాసన లేని గది

"నన్ను మల్ల పాత బ్లాకుకే పంపుండ్రి సార్," అంది భవాని.

రఘునందన్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. మేడ్చల్ దగ్గరి ఆ మందుల ఫ్యాక్టరీలో ఇలాంటి కోరిక ఆయన ఎప్పుడూ వినలేదు. పాత బ్లాకు నుంచి బయటపడెయ్యమనే అందరూ అడుగుతారు.

"కొత్త గదికి మారి నాలుగు రోజులేగా, ఏం కష్టమొచ్చిందమ్మా?"

"కష్టమేం లేదు సార్."

ఆ గది ఆయన మూడేళ్ల శ్రమ. ఉక్కు డబ్బాలో రెండు పొడులు, గుప్పెడు ఉక్కు గుండ్లు వేసి, మూత బిగించి యంత్రం తిప్పుతారు. గుండ్లు పొడుల్ని కొడతాయి, నలుపుతాయి. గంట తర్వాత చూస్తే లోపల ఉన్నది ఆ రెండూ కాదు, మూడోది. పాత బ్లాకులో అదే పనికి డ్రమ్ముల కొద్దీ సాల్వెంట్ పోసి, ఆ ఘాటైన ద్రవంలో అన్నీ కరిగించి మరిగించాలి. ఇక్కడ చుక్క అక్కర్లేదు. కరగకుండా, కేవలం దెబ్బలు తిని ఒకటి మరొకటిగా మారిపోవడం మూత తీసిన ప్రతిసారీ ఆయనకు ఆశ్చర్యమే.

"సూపర్‌వైజర్ అమ్మాజీ మళ్లీ నోరు చేసుకుందా?"

"ఆమె నోరు అలవాటైంది సార్. ఒక్కపొద్దున్న నాడే సప్పుడు జెయ్యదు."

"మరేంటి?"

"ఈడ వాసన లేదు సార్."

ఆయన నవ్వబోయి ఆగాడు. "అది లేకుండా చెయ్యడానికే కదమ్మా ఇన్ని తిప్పలు పడ్డది. ఆ వాసన మనిషిని లోపల్లోపల తినేస్తుంది, తెలుసా?"

"ఎరుకే సార్."

"తెలిసే అడుగుతున్నావా?"

భవాని నేల చూసింది. "మా అత్త నాలుగు దినాల సంది బువ్వ ముడ్తలేదు."

ఈ రెండింటికీ సంబంధం ఆయనకు అందలేదు. అడగాలనిపించింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయమూ వేసింది. కాగితం ముందుకు లాక్కున్నాడు.

"నెలాఖరుకు పాత బ్లాకు మూసేస్తున్నాం. పద్దెనిమిది రోజులే."

"గంతే సాలు సార్."

భవానిది అలియాబాద్‌లో రెండు గదుల ఇల్లు. అత్త నర్సమ్మకు చూపు పోయింది. మతి కూడా నిలకడగా లేదు. కొడుకు సాయినాథ్ డ్యూటీ దిగి వచ్చి మంచం అంచున కూర్చుంటేనే ఆమె ముద్ద నోట పెట్టుకుంటుంది. నాలుగు రోజులుగా ఒకటే ప్రశ్న.

"మా సాయిగాడేడే?"

"ఓటీ ఉందంట అత్తమ్మా. జరంత తిను."

"వాడు రానీ."

కంచం కదిలేది కాదు. ఆస్పత్రిలో గ్లూకోజ్ ఎక్కించిన డాక్టరు, ఇలాగే ఉంటే వారం కష్టమన్నాడు.

మర్నాడు సాయంత్రం షిఫ్టు బస్సు ఊళ్లో ఆగి వెళ్లిపోయింది. తలుపు చప్పుడైంది. సాల్వెంట్ ఘాటు గదంతా పరుచుకుంది. నర్సమ్మ ముక్కు ఎగబీల్చి మంచం మీద లేచి కూర్చుంది.

"వచ్చినవా కొడుకా? గిన్ని దినాలు ఏడ వోయినవ్‌రా?"

జవాబు రాలేదు. సాయినాథ్ ఎప్పుడూ మాట తక్కువ మనిషే.

ఆమె చేతులు గాలిలో వెతికి, ఫ్యాక్టరీ చొక్కా దొరకబుచ్చుకున్నాయి. భుజం తడిమాయి.

"మస్తు సన్నగైనవ్. ఆ కంపెనీవోళ్లు పీల్సుకతింటున్నరు నిన్ను."

పప్పన్నం కలిపింది. రెండు ముద్దలు ఆత్రంగా తిన్నది. మూడోది ఎదురుగా చాపింది.

"నువ్వూ తినురా. నీ పెండ్లాం నాకే పెడతది, నిన్ను సూస్తదో లేదో."

రెండేళ్ల కింద చనిపోయిన మొగుడి ఉద్యోగంలో, మొగుడి చొక్కాలో ఉన్న భవాని, గొంతు వినపడనీయకుండా నోరు తెరిచి ఆ ముద్ద అందుకుంది.