ఆమె కాలికి అందే క్లచ్

“నేను కాదు, ఆవిడ ఎక్కుతుంది” అన్నాడతను, బానెట్ మీద అరచెయ్యి ఆనించి.

షెడ్డు బాబాయి నోరు తెరుచుకుని చూశాడు. పాత ట్రాక్టర్లు కొని, బాగుచేసి అమ్మడంలో జుట్టు నెరిసిన మనిషి ఆయన. వచ్చిన మగవాళ్లు ముందు సీటెక్కి హారన్ కొట్టి చూడటమే ఎరుగును. ఇతను సీటు వంకైనా పోలేదు. ఇంజను చల్లగా ఉందో లేదో మాత్రం చూసుకున్నాడు. ముందే వేడిచేసి పెడితే లోపాలు బయటపడవని తెలిసినవాడే.

“ఫారంలో పనికండీ” అంది భార్య. “గడ్డి మోపులు తేవాలి, పేడ ఎత్తిపొయ్యాలి. చిన్నది చాలు.”

వాళ్లతో పాటు ఒక యువకుడు వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు. అతనెవరని బాబాయి అడిగితే, ఆమె ఒక్క క్షణం ఆగి “తమ్ముడు వరస” అంది. ఆ తమ్ముడు కుర్చీ వేసినా కూర్చోలేదు, టీ ఇస్తే వద్దన్నాడు. బావ ఎటు కదిలితే అటు కదులుతున్నాడు.

“బావగారిని ఎవరైనా ఎత్తుకుపోతారనా బాబూ?” అన్నాడు బాబాయి.

అతను వరసలో మొదటి బండి వైపు నడిచాడు, తమ్ముడూ వెనకే.

మొదటి ట్రాక్టరు క్లచ్ ఆమె కాలికి అందలేదు. ముందుకు జరిగి కూర్చుని బలమంతా పెట్టి తొక్కితే సగానికే దిగింది.

“దిగు” అన్నాడు భర్త.

“అలవాటైతే తొక్కగలనండీ.”

“అలవాటు చేసుకోవాల్సిన బండి వద్దు. దిగు.”

రెండోది స్టార్టవుతూనే నీలం పొగ కక్కింది. “ఇది డీజిలుతో పాటు ఆయిలూ తాగుతుంది” అని పక్కకు నడిచాడు. మూడోది రంగు వెలిసిన చిన్న బండి. డ్రైవరు తల మీదుగా ఇనుప చట్రం ఉంది, బోల్తా పడినా మనిషి నలిగిపోకుండా. అతను ఆ చట్రం బోల్టులన్నీ ఒక్కొక్కటే పట్టి ఊపి చూశాడు. క్లచ్ ఆమె కాలి కింద మెత్తగా దిగింది.

“లారీకి ఎక్కించే ఆ వాలు మీదికి పోనీ. మధ్యలో ఆపి బ్రేకు తొక్కి ఉంచు.”

ఆమె ఎక్కించి ఆపింది. అతను వెళ్లి సరిగ్గా ట్రాక్టరు వెనక నిలబడ్డాడు.

“అయ్యా, పక్కకు రండి! జారితే మీ మీదికే వస్తుంది!” అని అరిచాడు బాబాయి. తమ్ముడు కూడా ఒక్క అంగలో ముందుకు దూకాడు.

అతను కదల్లేదు. ఆమె స్టీరింగు పట్టుకుని బ్రేకు తొక్కి ఉంచింది. వెనక్కి తిరిగి చూడటానికి కూడా ధైర్యం చాలడం లేదు. బండి అంగుళం జారలేదు.

“పట్టింది” అన్నాడతను చాలాసేపటికి. “ఇదే తీసుకుందాం.”

ఆ తర్వాత ఆమెకు పాఠం మొదలైంది. ఆయిలు కడ్డీ ఎలా తుడిచి చూడాలి, డీజిలు గొట్టంలో గాలి చేరితే ఏ మర వదులు చెయ్యాలి, పేడ ఎత్తే ముందు తొట్టి నిండా బరువున్నప్పుడు ఎంత ఎత్తులో ఉంచాలి. చెప్పిందే చెప్పాడు, తప్పు చేస్తే కసురుకున్నాడు. పెళ్లాం చేత గొడ్డుచాకిరీ చేయించే రకమని బాబాయికి ఒళ్లు మండింది.

అతను టైర్లు చూడటానికి వంగినప్పుడు బాబాయి ఆమె పక్కకు చేరాడు.

“పాత ట్రాక్టరు ఏమైందమ్మా?”

“ఈయన నడుపుతుంటే వాలులో బ్రేకు పట్టలేదండీ. వెనక్కి జారి బోల్తా పడింది. మా దగ్గర పనిచేసే అతను వెనకే ఉన్నాడు. మనిషి దక్కలేదు.”

“అయ్యో. మరి మీ ఆయనకు?”

“ఆయన దెబ్బ పైకి కనపడేది కాదు.”

బాబాయికి అంతా అర్థమైనట్టయింది. లోతుకుపోయిన దవడలు, అంట కత్తిరించిన జుట్టు, సీటెక్కకపోవడం, తొందర తొందరగా అన్నీ అప్పజెప్పడం. ఇందాక తిట్టుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

“ఎన్నాళ్లన్నారమ్మా?” అన్నాడు గొంతు తగ్గించి.

“అయిదేళ్లు.”

“ఇంకో చోట అడిగి చూడలేకపోయారా?”

“పైకి కూడా వెళ్లామండీ. అక్కడా అదే మాట.”

“దిగులు పడకు తల్లీ. వాళ్లు అలాగే అంటారు. అయిదంటే అయిదేనా? పదేళ్లయినా కావచ్చు.”

ఆమె ఉలిక్కిపడి చెవులు మూసుకున్నంత పని చేసింది. “అంత మాట అనకండి బాబాయిగారూ!”

మంచి మాట చెబితే ఇంత బెదురెందుకో ఆయనకు బోధపడలేదు. ఏం చెయ్యాలో తోచక లోపలికెళ్లి రెండు కొత్త ఫిల్టర్లు తెచ్చి సీటు కింది పెట్టెలో పడేశాడు.

“ఇక బయల్దేరాలండీ” అన్నాడు తమ్ముడు మెల్లగా, బావతో.

ఆమె ట్రాక్టరెక్కింది. అతను దగ్గరికెళ్లి సీటు ఇంకాస్త ముందుకు జరిపి, ఆమె పాదాన్ని చేత్తో పట్టుకుని బ్రేకు మీద సరిగ్గా ఆనించాడు. ఆ చెయ్యి అక్కడి నుంచి తీయడానికి చాలాసేపు పట్టింది.

“వాలులో ఎవర్నీ వెనక నిలబడనివ్వకు.”

ఆమె తల ఊపింది. గేరు వేసి ముందుకు పోనిచ్చింది. బండి గేటు దాటి, మలుపు తిరిగి, చప్పుడు కూడా వినపడకుండా పోయేదాకా అతను అక్కడే నిలబడ్డాడు.

“ఆరోగ్యం జాగ్రత్త నాయనా” అన్నాడు బాబాయి. “మళ్లీ ఇద్దరూ కలిసి రండి.”

అతను రెండు చేతులూ జోడించి, రోడ్డు పక్కనున్న జీపు వైపు నడిచాడు.

జీపెక్కగానే ఆ తమ్ముడు అతని చేతులకు బేడీలు వేశాడు.