వేరుశనగ గింజలు

“కుడిచెయ్యి! మర్చిపోయావో, మన పెళ్లి హుళక్కే!” గుమ్మం ముందు గుసగుసలాడాడు బోవెన్.

“నెల రోజులుగా కుడిచేత్తోనేగా తింటున్నాను. నాలుగు కిలోలు తగ్గాను కూడా,” అంది షుయెలింగ్.

ఆమెది పుట్టు ఎడమచేతివాటం. ఆ చేత్తో తింటే పక్కవాళ్లకు మోచెయ్యి తగులుతుందని, మర్యాద కాదని పెద్దల పట్టింపు. చైనాలోని షావోషింగ్‌లో ఆ వీధి మొత్తానికీ మర్యాదంటే బోవెన్ నానమ్మే. కిందటేడు చిన్నల్లుడు తినే పుల్లలను, చచ్చినవాళ్లకు పెట్టే అన్నంలోలా, నిలువుగా గుచ్చితే, “నేనింకా చావలేదు నాయనా!” అని బల్ల దగ్గర్నుంచి లేపేసింది. పెళ్లికి ఆవిడే ఊ అనాలి.

భోజనాల బల్ల దగ్గర నానమ్మ పుల్లలు అందుకునేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. ఎనభై రెండేళ్ల ఆ మనిషి తినే తీరును షుయెలింగ్ కళ్లప్పగించి చూసింది. తొందర లేదు, చప్పుడు లేదు. ప్రతిదీ ఆచితూచి, కొంచెం కొంచెంగా. ఎంత అందమైన నిదానం!

“అంత ఒద్దికగా తినడం మావల్ల కాదమ్మా,” అంది బోవెన్ తల్లి. “అత్తయ్య కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఇంతేనట. వాళ్లత్తగారు మహా గట్టిది, తప్పు చేస్తే పుల్లలతో వేళ్ల మీద కొట్టేదట.”

“గింజలు తిను తల్లీ,” నానమ్మ వేయించిన వేరుశనగ గింజల పళ్లెం షుయెలింగ్ వైపు జరిపింది.

మొదటి గింజ జారింది. రెండోది పులుసులో మునిగింది. మూడోది ఎగిరి నానమ్మ ఒళ్లోనే పడింది. బోవెన్ కళ్లు మూసుకున్నాడు.

“ఏ చెయ్యమ్మా నీది?”

అలాంటి మనిషి ముందు అబద్ధమాడ బుద్ధి కాలేదు. “ఎడమ, నానమ్మగారూ. మీకు నచ్చాలనే ఇలా...”

“సుఖంగా ఉందా?”

“లేదండీ. తిండి రుచే తెలియడం లేదు.”

నానమ్మ తన ఒళ్లో పడ్డ గింజను తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత, “కుర్చీ నా పక్కన వేసుకో. నీ చేత్తోనే తిను. ఈ ఇంట్లో ఎవరేమంటారో నేనూ చూస్తాను,” అంది.

షుయెలింగ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. కళ్లు తుడుచుకుని ఎడమచేత్తో టకటకా గింజలు ఏరింది. ఒక్కటీ జారలేదు. నానమ్మ ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

“ఆ పళ్లెం ఇలా జరుపు.”

“అదేంటత్తయ్యా, మీకు గింజలు పడవుగా!” అంది బోవెన్ తల్లి. “నేనొచ్చాక ఒక్కటి తినగా చూడలేదు.”

నానమ్మ తన పుల్లలను ఎడమచేతిలోకి మార్చుకుంది.