మోగని స్పీకర్

"నాలుగు జతల చెవులు కావాలంటే మూడే తెచ్చావేంటయ్యా?"

రాజారావు అరుపు షెడ్డంతా వినిపించింది.

"పెంటయ్య ఇయ్యాల రాలే సార్. ఆయన బదులు ఈమెను తెచ్చిన," అన్నాడు సూపర్‌వైజర్ నర్సింహులు.

వెనక చీపురుతో ఒక నడివయసు మనిషి నిలబడి ఉంది. కర్దనూర్ నుంచి రోజుకూలికి వచ్చే బీరమ్మ.

రాజారావు తల పట్టుకున్నాడు. సాయంత్రానికి సరుకు లారీ ఎక్కాలి.

పటాన్‌చెరులోని ఆ కంపెనీ చెవుల ఆసుపత్రులకు హెడ్‌ఫోన్లు చేస్తుంది. పెట్టుకుంటే బయటి చప్పుడు లోపలికి రాకూడదు. అవి ఎంత గట్టిగా మూసుకుంటున్నాయో కొలవడం రాజారావు పని.

మనిషికి హెడ్‌ఫోన్ పెట్టి గదిలో కూర్చోబెడతారు. ఎదురుగా ఉన్న స్పీకర్లో చప్పుడు కొద్దికొద్దిగా పెంచుతారు. వినబడగానే చెయ్యెత్తాలి. అంతే.

పొద్దుట్నుంచి కరెంటు రెండుసార్లు పోయింది. బొంబాయి రోడ్డు మీద లారీ హారన్ కొట్టినప్పుడల్లా పరీక్ష మళ్లీ మొదటికి వచ్చింది. ఎట్టకేలకు ముగ్గురు మగవాళ్లూ మీటరు ముల్లు సగం దాటాక చెయ్యెత్తారు. లెక్క కుదిరింది.

బీరమ్మ ముల్లు కదలకముందే చెయ్యెత్తింది.

"ఇంకా మొదలే పెట్టలేదమ్మా!"

"ఇనవడ్తుంది సారూ."

మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. మూడోసారి ఒళ్లు మండి, ఆమె చూడకుండా స్విచ్ ఆపేశాడు.

బీరమ్మ చెయ్యి దించలేదు.

"ఎడమ దిక్కుకెళ్లి వస్తుంది సారూ. సన్నగ. గీ కుట్టు కాడ," అని హెడ్‌ఫోన్ చెవి మెత్త మీద వేలు పెట్టి చూపించింది.

"స్విచ్ ఆపేసి ఎంతసేపైంది! మోగని స్పీకర్ నీ ఒక్కదానికే వినబడుతోందా?"

"మీరు ఆపిండ్రేమో. అది ఆగలే సారూ."

"నర్సింహులూ! ఈవిణ్ణి ముందు బయటికి పంపు. రేపట్నుంచి గేటు దగ్గర కూడా కనబడకూడదు."

బీరమ్మ హెడ్‌ఫోన్ తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"అబద్ధం చెప్తే నాకేమొస్తది సారూ," అంటూ కొంగు దోపుకుని వెళ్లిపోయింది.

రాజారావు ముగ్గురి లెక్కే రాసి సంతకం పెట్టాడు.

ఏడాదిన్నర తర్వాత డబ్బాలకు డబ్బాలు తిరిగొచ్చాయి. 'గదిలో ఫ్యాన్ మోత చెవిలోకి వస్తోంది. వినికిడి పరీక్షలన్నీ తప్పుతున్నాయి' అని డాక్టర్ల ఉత్తరాలు.

రాజారావు ఒక్కో హెడ్‌ఫోన్ కోసి చూశాడు. ఎడమ మెత్తల కుట్టు దగ్గర వెంట్రుక దూరేంత సందు ఉంది.

హైదరాబాద్ నుంచి తెప్పించిన కొత్త మీటరు గదిలో పెట్టి, స్పీకర్ స్విచ్ ఆపాడు. ముల్లు పూర్తిగా కిందికి రాలేదు. స్పీకర్లో కరెంటు గుంయ్ మంటూనే ఉంది, రాజారావు చెవికి అందనంత సన్నగా.

సూపర్‌వైజర్‌ను పిలిచాడు.

"నర్సింహులూ, ఆ కర్దనూర్ ఆవిడ ఇల్లెక్కడ?"

మర్నాడు పొద్దున్నే స్కూటర్ మీద వెళ్లాడు. ఆమెను మళ్లీ పనిలోకి తీసుకుంటానని చెప్పాలి. అంతకంటే ముందు, తప్పయిందని చెప్పాలి.

వాకిట్లో బీరమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మూడుసార్లు పిలిచినా తలెత్తలేదు.

కోపం వచ్చిందేమో అనుకున్నాడు.

ఇంట్లోంచి కోడలు కౌసల్య వచ్చింది.

"జెర గట్టిగ పిలువుండ్రి సార్. అత్తకు ఇనవడదు."

"ఎప్పట్నుంచి?"

"ముందుగాల ఏదో కంపెనీల ఊడుస్తుండె. అబద్ధాలు చెప్తున్నవని ఎవలో సారు ఎల్లగొట్టిండంట. ఇగ రేకులు గుద్దే ప్రెస్సు షాపుల చేరింది. ఆ మోతకు ఏడాదిలనే చెవులు పోయినయ్."

రాజారావు అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"అంతకుముందు... బాగా వినబడేదా?"

"గదేం మాట సార్! మా అత్త మంత్రసాని. పొట్టకు చెవి ఆనిచ్చి లోపల బిడ్డ ఎట్లున్నదో చెప్తుండె. ఇప్పుడు ఎవలు పిలిచినా పోతలేదు."

కౌసల్య అత్త ముందున్న చాట సర్ది, మెల్లగా అంది.

"ఈ ఊళ్లె సగం మంది గుండె సప్పుడు అందరికంటె ముందుగాల ఇన్నది ఆమెనే సార్."